సున్నాలు చాలని అచ్చుకూటం

బుధవార పేటలో మా అచ్చుకూటానికి కిటికీ ఒక్కటే.
వెలుతురున్నంతసేపే అంకెలు కూర్చేవాణ్ణి.
నాకు ఇంగ్లీషు రాదు.
అక్షరాలు మాత్రం తిరగేసి ఉన్నా పోల్చుకుంటాను,
అద్దంలో సొంత మొహాన్ని పోల్చుకున్నట్టు.

గద్రే పంతోజీ రాతప్రతి పట్టుకొచ్చింది
వానలు ఎగ్గొట్టిన ఏడాది.
శుభలేఖల వెనక, మందు చీటీల వెనక,
తెల్లగా కనబడిన చోటల్లా లెక్కలు.
"దగడూ, ఇది అచ్చయితే సముద్రం దాటుతుంది" అంటూ
గొడుగు మూలన పెట్టాడు.
పొడి గొడుగు.

మూడో పుటకే సున్నాలు అయిపోయాయి.
మా కేసులో ఉన్నవి ముప్పై.
పెళ్లి పత్రికలకూ పంచాంగాలకూ అంతకన్నా ఏం కావాలి?
ఇక్కణ్ణుంచి వెళ్లిన దూది, నీలిమందు, గోధుమ, తోళ్లు: ఇంత.
అక్కణ్ణుంచి వచ్చింది: ఇంత.
మధ్య తేడాకు ఒక తోక, తోక నిండా సున్నాలు.
పెద్ద 'ఓ' అక్షరాల్ని తెచ్చి సర్దాను.
లావుగా, పక్కవాళ్లని మోచేత్తో తోస్తూ
అవీ వరసలో నిలబడ్డాయి.

ఒక పట్టీకి పేరు హోం చార్జీలు.
"అంటే ఏంటి పంతోజీ?"
"ఇంటి ఖర్చులు."
"ఎవరింటివి?"
ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.
కొలువు చాలించి చల్లని ఊళ్లో
కుక్కల్ని పెంచుకుంటున్న కల్నల్ పింఛను.
లండన్లో మన పేరు తగిలించుకున్న కచేరీకి రంగు.
మనకు దారి తెలియని దేశంలో యుద్ధానికి కంచరగాడిదల కిరాయి.
ఎవరో సుల్తాను వస్తే జరిగిన విందులో దీపాలు.
"అన్నీ మనింటి ఖర్చులే."

ఆ రాత్రి తాన్హీకి చెప్పాను.
జొన్నలు కొలుస్తోంది, శేరుతో కాదు, పిడికిలితో.
"ఇన్ని కాగితాలు ఖరాబు చేసి మీ పంతులు తేల్చింది ఇదా?
గాదె అడుగున కన్నం పడిందని
ఇల్లాలికి ఎలక కనబడకముందే తెలుస్తుంది."
కాసేపటికి, గొంతు తగ్గించి,
"ఎలక పేరు కూడా రాశాడా?"

పదకొండో పుటలో చెయ్యి ఆగింది.
జైల్లో ఖైదీకి ఏడాది తిండి ఖర్చు.
దాని కింద, బయట తిరిగే మనిషి ఏడాది రాబడి.
కిందిదే చిన్నది.
తొమ్మిదిని తలకిందులు చేసి ఆరుగా పెట్టానేమోనని
సీసం ముక్కలు ఊడదీసి మళ్లీ కూర్చాను.
మళ్లీ చిన్నదే.

చివరి పుట ఆయనే చదివి చెప్పాడు:
మన దూది మన దగ్గరే నూలు కావాలి,
మన మిల్లులు మనమే పెట్టుకోవాలి.
ఏవల్యాలో మా అన్న రఘూ మగ్గం అమ్మేసి
కరువు పనిలో రాళ్లు కొడుతున్నాడు.
"మిల్లు మనదైతే మాత్రం
మా వాడి మగ్గం తిరిగొస్తుందా పంతోజీ?"
కోప్పడలేదు.
అంచున పెన్సిలుతో ఏదో రాసుకున్నాడు.
అది అచ్చుకు రాలేదు.

అచ్చయినవి రెండు వందలు. నలభై ఓడెక్కాయి.
ఏడాదిన్నరకు ఒకే ఒక్క జవాబు.
సున్నాకూ ఓ అక్షరానికీ తేడా తెలియని వాళ్ల లెక్కలు
ఎలా నమ్మమంటారని ఎవరో దొర.
"కాకిలెక్కలు అంటున్నాడు" అని పంతోజీ
మన మాటలోకి మార్చి చెప్పి, నవ్వబోయాడు.

నా తప్పే. నా లావు అక్షరాలే.
ఆయన నన్నొక్క మాట అనలేదు.
ఉంగరం తాకట్టు పెట్టి
రెండో కూర్పుకు సున్నాలు తెప్పించమన్నాడు.

మొన్న పెట్టె వచ్చింది.
గడ్డిలో పొదిగిన రెండు వందల సున్నాలు,
ఒక్కటీ అరగలేదు, లండన్ పోత.
కింద బిల్లు: సరుకు ధర, ఓడ కిరాయి, బీమా.
ఖాతా తెరిచాను.
ఏ పక్కన రాయాలో తెలుసు.
కలం సిరాలో ముంచి
చాలాసేపు అలాగే పట్టుకున్నాను.