పండు లేని వాసన

అగ్గిపెట్టెలో తెచ్చాడు ఇత్తనాలు,
పదకొండు.
పేరు సత్యం అన్నాడు.
అదీ అబద్ధమేనని తరవాత తెలిసింది.

"ఇది మీ తాతలు పీల్సిన గంజాయి కాదమ్మా,
ఐబ్రీడు.
ఏ దేశం మొక్కకో ఏ దేశం మొక్కకో
పెళ్లి సేసి పుట్టించారు.
పూతకొస్తే పళ్లబుట్ట వాసనేస్తాది.
సలంటే దీనికి పేణం.
మీ కొండ మీద తప్ప ఎక్కడా ఎదగదు."

సలిని కొంటానని మా గుమ్మం ఎక్కినోడు
అతనొక్కడే.
అన్నాళ్లూ సలే మా దగ్గర పట్టుకుపోయేది,
ఒకేడు మా అత్తని,
ఒకేడు మూడు మేకపిల్లల్ని.
"ఈసారి దానికీ ఖరీదొచ్చిందే" అని
బెన్నయ్య ఆ రాత్రంతా నవ్వుతూనే ఉన్నాడు.

నానేటి అనగలను?
మందస సంతలో అనాసకాయ అయిదంటే
మూడుకియ్యమని మొకం తిప్పుకుంటారు.
సత్యం ముందే ఇచ్చిన నాలుగు వేలు
అప్పటికే రేకులై ఇంటి మీద కూకున్నాయి.
వాన పడితే టపటపమని
ఆ డబ్బే సప్పుడు సేసేది.

అల్లం మడికీ అనాస వరసకీ మద్దిన
ఎనిమిది బతికాయి.

కార్తీకం ఎల్లీసరికి
మంచు మహేంద్రగిరి దిగొచ్చి
మా వాకిట్లో పొయ్యి కాసుకుంది.
ఆకుల అంచులు
నేరేడుపళ్లు తిన్న గుంటల నాలికల్లాగ
ఊదారంగు తిరిగాయి.

ఒక రాత్రి
ఎవరో పనసపండు కోసినట్టు మెలకువొచ్చింది.
మార్గశిరంలో పనసేటి?
బయటికొస్తే పనసే కాదు,
ముగ్గిన అనాస,
గోటితో గీసిన నిమ్మతొక్క,
ఇంకా పేరు తెలీని పండేదో,
మా కొండ ఎప్పుడూ కాయనిది.

తెల్లారితే మా గుంట బుదారి
మొక్కల మద్దిన వొంగి
ఆకు ఆకూ ఎత్తి సూస్తంది.
"అమ్మా, పండేదీ?"
నేదే.
"మరి వాసనేస్తంది కదా?"
నేదే, అంతే.
నమ్మనేదు. మర్నాడూ ఎతికింది.

మూడోనాటి రాత్రి ఎలుగొచ్చింది.
అదీ ఎతికింది.
రెండు మొక్కలు విరిసి, మొదలు తవ్వి,
అప్పు పుట్టక తిరిగెళ్లే మనిషిలాగ
ఒక ఉస్సురుమని
జీడితోటల ఏపు దిగిపోయింది.

మిగిలినాటికి బూజు.
మా మంచు ఉత్త సలి కాదు, తడి.
ఆ తేడా అమ్మినోడికి తెలీదు.
మాకు తెలుసు,
మమ్మల్నెవరూ అడగనేదు.

అప్పుడు ఆకాశంలో తుమ్మెద పాట.
తుమ్మెద కాదు, కెమెరా ఉన్న రెక్కలు.
జీపొచ్చింది.
కుళ్లిందీ, ఎలుగు విరిసిందీ
అన్నీ లెక్కలోకే వొచ్చాయి.
తూకం ఏసినప్పుడు ఏళ్లకంటిన మట్టీ తూసారు,
ఆ మట్టి మా అత్త పోడు కొట్టి సంపాదించింది.
సత్యం నంబరు నొక్కితే
ఆడగొంతొకటి
మర్యాదగా లేడంది.

జీపు రెండు మలుపులు తిరిగీదాకా
పండు వాసన.
బుదారి దాని ఎనక పరిగెట్టింది,
నాన్న కోసమో
పండు కోసమో
ఇప్పటికీ అడగనేదు నాను.

నెల తరవాత అంపోలు జైలుకెళ్లాను,
సంచిలో ఒక్క అనాసపండు.
గేటుకాడి బాబు దాన్ని
ముందు వాసన సూసాడు,
మల్లీ సూసాడు.
"ఏటిది?"
పండు బాబూ.
"పండేనా?"
పండే.

సువ్వతో నాలుగు పక్కలా పొడిసి
బల్ల మీదెట్టి అడ్డంగా కోసాడు.
రసం కారి
రిజిస్టర్లో మా ఇంటిపేరు మీద పడి
అచ్చరాలు అలుక్కుపోయాయి.

ఏలితో తుడిసి,
ఆ ఏలు నాకి,
"తీపే" అన్నాడు.