గురువారం గడి

నమోదుకి రేపే ఆఖరు.
స్టాటిస్టిక్స్ ముందే తీసుకో, మారిసెలా,
వాయిదా వేస్తే వడ్డీతో వసూలు చేస్తుంది.
ఫెలోషిప్‌కి ఉత్తరం నేను రాస్తాలే.
ప్రొబేషన్ ఆఫీసులో ఇంటర్న్‌షిప్ ఒకటుంది,
జీతం లేదు, బస్సు పాసు ఇస్తారు.
గురువారాలు, రెండు నుంచి నాలుగు.

"గురువారం కుదరదు మేడమ్."
ఎందుకూ అన్నాను, పెన్ను మూత తీస్తూ.
"కౌంటీ జైలు."

అప్పుడే అక్కడ చేరిపోయావా!
మెచ్చుకోలుగా అన్నాను.

కిటికీలోంచి ఎల్ పాసో ఎండకేసి చూసింది.
"ములాఖత్ వేళ. మా తమ్ముడు."

ఇరవై రెండేళ్లుగా శిక్షాస్మృతి చెబుతున్నదాన్ని,
పెన్నుకి మూత పెట్టేశాను.

తర్వాత టైమ్‌టేబుల్ మొదటినుంచి గీశాను.
సోమవారం పొద్దున ఎనిమిదింటికి స్టాటిస్టిక్స్.
గురువారం గడి
తెల్లగా వదిలేశాను.
కంప్యూటర్ ఒప్పుకోలేదు,
కారణం రాయమంది.