ఫైలకాలో మట్టివాన

పడవ టికెట్లు రెండు, గది ఒకటి,
పొద్దున నాష్టా కలుపుకొని డెబ్బై దీనార్లు.
ఒకే తలుపుకు లోపలినుంచి గడియ పెట్టుకునే రాత్రుల్ని
ఆరేళ్ళలో మొదటిసారి
నేనూ మా ఆయప్పా కొన్నాము.

నాది జాబ్రియాలో వంటిల్లు.
ఆయనది జహ్రాలో గ్యారేజీ పక్క డ్రైవరు గది.
శుక్రవారం శుక్రవారం మాలియా బస్టాండులో
రెండు గంటల కాపురం.
‘మామా’ అని పిలవాల మా సేటమ్మను.
ఈదుకు రెండు రోజులు పొమ్మనింది.

కాగితం మీద ఆ దీవి వేరే ఉండె.
నీలం నీళ్ళు, ఖర్జూరం చెట్లు, ఉయ్యాల మంచం,
దాని మీద తెల్లటి జంట, కాళ్ళకు చెప్పులు లేకుండా.
నేను నల్లద్దాలు కొన్నా, ముక్కాలు దీనారు.
ఆయప్ప పొట్టి నిక్కరు కొన్నాడు,
సిగ్గుకు ప్యాంటు కింద తొడుక్కొని వచ్చినాడు.

పడవ దిగినప్పుడు ఆకాశం బాగానే ఉండె.
గది తాళం తీసేలోపల
పడమట ఒక గోడ లేచింది.
గోడంటే గోడే. ఎర్రది. నడిచొచ్చేది.
“తోజ్” అన్నాడు హోటలు పిల్లోడు, నేపాలోడు,
కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కుతా.
“ఇది సరాయత్ కాలం అక్కా, మీకెవరూ చెప్పలేదా?”

మాకు కాలాలు ఎవరు చెప్తారు?
ఏసీ వేసే కాలం, ఏసీ ఆర్పే కాలం,
రెండే తెలుసు వంటింటికి.

సాయంత్రానికి వాన.
నీళ్ళు కాదు, బురద.
గాలిలో దుమ్మునంతా కడిగి
ఆ కడుగునీళ్ళు మామీద పారబోసింది ఆకాశం.
ఉయ్యాల మంచం తలకిందులు.
నా గులాబీరంగు చీర నిండా చిరుతపులి మచ్చలు.
కరెంటు పోయింది.
కట్టుకొచ్చిన చిత్రాన్నంలో పంటికొక ఇసుక.

తిట్టబోయి నోరు మూసుకున్నా.
మాది సుండుపల్లి పక్క.
వానను తిట్టినోళ్ళను మా అవ్వ చీపురు తీసుకొని తరిమేది.
“యాడ పడితే ఏమే, పడనీ” అనేది.
ఇంక ఎవర్ని తిట్టాల?
ఆయప్పను తిట్టినా.
డెబ్బై దీనార్లు, పొట్టి నిక్కరు,
నాకు చెప్పకుండా వాళ్ళన్న బోరుకు పంపిన లెక్క,
అన్నీ వరసగా తీసి ఉతికినా.
ఆయన మాత్రం ఊరుకున్నాడా?
ఫోన్లో బ్యాలెన్సు అయిపోతాదని
ఆరేళ్ళుగా మిగిల్చిపెట్టిన జగడం
ఒక కొవ్వొత్తి కరిగేలోపల ఖర్చయిపోయింది.
వినేవాళ్ళు లేరు. ఆ పక్కంతా
యుద్ధంలో ఖాళీ అయిన ఇండ్లే,
గోడల్లో తూటాల బొక్కలు,
వాటిల్లో గాలి ఊళ.

అప్పుడు పైకప్పు కారింది, సరిగ్గా మంచం మీదికి.
తలాపు నేను, కాళ్ళపక్క ఆయన,
చెరోవైపు పట్టుకొని జరిపినాము.
“కొంచెం నీ పక్కకు” అన్నాడు.
“నా పక్కకే కదా” అన్నా.
బకెట్టులో చుక్క చుక్క పడతా ఉంటే
ఆయప్ప నిద్రపోయినాడు.
పెండ్లయిన కొత్తలో ఆ గురక సన్నటి ఈల మాదిరి ఉండె.
ఇప్పుడు ఎత్తు ఎక్కే పాత లారీ.
ఎప్పుడు మారిందో, ఏ ఏడు మారిందో.
చాలాసేపు విన్నా.

మూడోనాడు పడవ రాలేదు.
సముద్రం మూసేసినారంట.
“బహర్ మామా, తోజ్ మామా” అని ఫోన్లో ఏడ్చినా,
కొంచెం ఎక్కువే ఏడ్చినా.
ఒకరోజు జీతం కోత అనింది.
మూడున్నర దీనార్లు.
ఇంకో రాత్రికి హోటలోళ్ళు సగమే తీసుకున్నారు.
కువైట్‌లో నేను చేసిన బేరాల్లో
ఇంత చవకది ఇంకోటి లేదు.

మధ్యాహ్నం వాన నిలిచింది. సముద్రం టీ రంగు.
ఒడ్డున మేం తప్ప ఎవరూ లేరు.
ఆయప్ప అటూ ఇటూ చూసి
ప్యాంటు విప్పి నా చేతికిచ్చి
మోకాళ్ళదాకా దిగినాడు.
మొల తాడు కనపడతా ఉంది, చెప్పలేదు.
ప్యాంటు భుజానేసుకొని
గట్టున నిలబడినా,
ఎండ లేకపోయినా నల్లద్దాలు పెట్టుకొని.