నోరు తెరవండి

"ఇంకొంచెం పెద్దగా," అంటోంది.
తెలుసమ్మా.
పదకొండేళ్ళు, రోజుకి ముప్పైసార్లు
నేనన్న మాటే అది,
ఒమ్‌దుర్మాన్‌లో, కరెంటు లేని మధ్యాహ్నాల్లో,
వేరే భాషలో,
ఈ లైటుకి అవతలి పక్క నిలబడి.

ఫారంలో 'వృత్తి' అని ఒక గడి.
"చేపలు" అని రాశాను.
గడి చిన్నది.

ఈ పిల్లకి ఇరవై ఏడుంటాయేమో.
గడియారం విప్పి జేబులో వేసుకుంది, మంచి అలవాటు.
అద్దం పట్టుకున్న చేతిలో
చిటికెన వేలు గాల్లో తేలుతోంది.
దాన్ని నా గడ్డం మీద ఆనించుకో తల్లీ,
చెయ్యి వణకదు.
చెప్పలేను. నోట్లో దూది.

దూది లేకపోతే మాత్రం చెప్పగలనా?
ఈ దేశపు భాషలో నాకు చల్లటి మాటలే వచ్చు:
ఐసు, తొడుగులు, షిఫ్టు, ఓవర్‌టైము.
చిగురుని ఇక్కడ పంటిమాంసం అంటారని
మొన్ననే తెలిసింది, పరీక్షకి చదువుతుంటే.
పుస్తకం మూసేసి కాసేపు నవ్వుకున్నాను.
లైను మీద నేను నోట్లో నాలుక లేని మనిషిని.

నాలుకంటే గుర్తొచ్చింది.
బోత్స్‌ఫ్యోర్‌లో పిల్లలు బడి అయ్యాక
కాడ్ తలల్లోంచి నాలుకలు కోసి
కిలోల లెక్కన అమ్ముకుంటారు, సైకిళ్ళ కోసం.
బుగ్గల మీద పొలుసులతో ముద్దుగానే ఉంటారు.
నేను ఆ వైపు వెళ్ళను.

చేరిన కొత్తలో, చేప దవడ తెరిచి
లోపలికి వంగిన ఆ సన్నటి పళ్ళు
లెక్కపెట్టబోయి బెల్టు ఆపించాను.
"తలలు ఆ డబ్బాలో," అన్నాడు సూపర్‌వైజరు.
అంతే, ఇంకేమీ అనలేదు.

నా ఎడమపక్క రిమ్వీదాస్.
లిథువేనియాలో పిల్లలకి అకార్డియన్ నేర్పేవాడు.
బెల్టు మోత అరస్వరం దిగితే చాలు,
మోటారు పోయేలా ఉందని మెకానిక్‌ని పిలుస్తాడు.
రెండుసార్లు నిజమైంది.
మూడోసారి, ఊరికే పిలిచాడు.

కుడిపక్క పుష్పనాథన్ గారు.
జాఫ్నాలో గొలుసు పట్టి పొలాలు కొలిచిన చెయ్యి.
"కత్తి లొంగడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది,
నీకు రెండు వారాలు. చెయ్యి ముందే తీర్చి ఉంది," అన్నాడు
మెచ్చుకోలుగా.
ఆ రాత్రి అన్నంలో ఆ మెప్పు
పంటికింద రాయిలా తగిలింది.

ఆఫీసు నుంచి ఉత్తరం:
'మీ పట్టా అందింది, అయితే'
ఆ అయితే వెనకాల తొమ్మిది పేజీలు.
మూడేళ్ళుగా చదువుతున్నాను, ఇంకా ఆరో పేజీలోనే.

ఇప్పుడామె చిన్న కడ్డీతో పన్ను మీద తట్టింది.
ఎడమ కింద, ఆరోది.
నొప్పి కళ్ళలోకి రాకముందే నాకు జవాబు తెలుసు.
బతుకుతుంది. రూట్ కెనాల్ చేస్తే ఇరవయ్యేళ్ళు బతుకుతుంది.
"కాపాడొచ్చు," అంటూ ధర చెప్పింది,
తను సిగ్గుపడుతున్నట్టు, నెమ్మదిగా.

సరిగ్గా పరీక్ష ఫీజు అంత.

ఎంతమందిని తిట్టి పంపానో అక్కడ,
పీకేయమని వచ్చినవాళ్ళని!
"ఒంట్లో మళ్ళీ మొలవనిది ఇదొక్కటే," అనేదాన్ని,
నిజం కాదని తెలిసీ.
పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అని
మా సుఆద్ ముసలమ్మ నవ్వి, బోసి నోరు చూపించేది.

వేలితో సైగ చేశాను. తీసెయ్.

మత్తు బాగానే ఇచ్చింది.
పటకారుని ముందు అటు, తర్వాత ఇటు,
తొందర లేకుండా. శభాష్.
కటుక్కుమన్న చప్పుడు పుర్రెలో ఒక్కసారి,
తర్వాత ట్రేలో ఇంకో చప్పుడు, చాలా చిన్నది.

తల తిప్పి చూశాను.
రెండు వేళ్ళూ విరక్కుండా వచ్చాయి.
అదే అన్నాను, మొద్దుబారిన పెదవితో,
ఆమె భాషలో, ఒక్క తప్పు లేకుండా:
"వేరు విరగలేదు. బాగా తీశావు."

మాస్కు కిందికి లాగి
"మీకెలా తెలుసు?" అంది.

జవాబు వినకముందే అలవాటుగా
మడిచిన దూదిని గుంటలో పెట్టి,
అరగంట గట్టిగా కొరికి పట్టుకోమంది.

పట్టుకున్నాను.