ఏడో జెండా

ఏడు జెండాలు కుట్టమన్నారు.
కాల్చడానికి.

ఊళ్ళో ఒక్కటీ మిగల్లేదు మరి,
వచ్చిన వారంలోనే దొరికినవన్నీ వాళ్ళే తగలబెట్టారు.
ఇప్పుడు సినిమాకి కావాలంట.
మోసుల్ కుడిగట్టు సందులో, బుడ్డి దీపం ముందు
మా అమ్మ కాళ్ళమిషనూ, నేనూ.

కబురు తెచ్చినవాడు ధన్నూన్.
వాళ్ళు రాకముందు పెళ్ళిళ్ళు తీసేవాడు.
మా పెద్దక్క పెళ్ళిలో కేకు కోయడం వదిలేసి
ఏడుస్తున్న నన్నే పది నిమిషాలు పట్టాడు.
ఇప్పుడు గడ్డం పెంచి, గొంతు తగ్గించి
"నూలుబట్టే తీసుకో బహీజా,
పాలిస్టరైతే కరిగి బొట్లు కారుతుంది,
తెరమీద బాగోదు" అన్నాడు.
తల ఎత్తలేదు.

పైన ఎరుపు, నడుమ తెలుపు, కింద నలుపు.
తెలుపు మధ్య ఆకుపచ్చ అక్షరాలు మొదలుపెట్టానో లేదో
వెంట వచ్చిన కుర్రాడు, మీసమైనా రానివాడు,
మాది కాని యాసలో ఆగమని అరిచాడు.
అది దేవుడి మాట. కాల్చకూడదు.
ఇద్దరూ గుమ్మంలో నిలబడి చాలాసేపు గొణుక్కున్నారు.
చివరికి తీర్పు: అక్షరాలు వద్దు.

అక్షరాలు లేకపోతే అది మా జెండా కాదు,
యెమెన్ వాళ్ళది.
నేను చెప్పలేదు.
భూగోళం నేర్పిన సబీహా టీచరైతే చెప్పేది,
ఇప్పుడామెకి బడే లేదు.
నా నోట్లో గుండుసూదులున్నాయి. అదే నా సాకు.

నిజం చెప్పొద్దూ, ఆ జెండా అంటే నాకు ప్రాణమేం కాదు.
దాన్ని భుజాన కుట్టుకున్నవాళ్ళే
మా తమ్ముణ్ణి చెక్‌పోస్టు దగ్గర బండి దింపి పట్టుకుపోయారు,
వీళ్ళు రావడానికి రెండేళ్ళ ముందు.
ఏ ఆఫీసుకెళ్ళినా గోడమీద అదే గుడ్డ,
బల్ల వెనక అదే ఆవులింత.
దేశం నాకు బాకీ ఉంది.
బాకీ ఉన్నవాణ్ణి చంపేస్తే
ఎవరి గుమ్మంలో కూర్చోవాలి నేను?

అంగడి కూడలిలో తెర కట్టి చూపించారు.
నిలబెట్టి చూపించారు, అనాలి.
పెళ్ళిపెద్దలా నెమ్మదైన గొంతు ఒకటి
సరిహద్దులు మనిషి గీతలంది,
ఓటు విగ్రహపూజంది,
చట్టం రాసిన ప్రతి చెయ్యీ దేవుడికి పోటీ అంది.
బుల్డోజరు ఇసుకగట్టును తవ్వింది.
వెనకాల వాద్యం లేని పాట.
పక్కనున్న పన్నెండేళ్ళ పిల్లాడి నోరు
కొద్దికొద్దిగా తెరుచుకోవడం చూశాను.
పాట బాగుంది.
నా భయం అదే.

తరవాత నా గుడ్డలు.
ఐదు గాలికి ఆరిపోయాయట, ఆరోది అంటుకుంది.
ఎరుపూ తెలుపూ కలిసేచోట
మిషను దాటు వేసిన నా వంకర కుట్టు
గోడంత పెద్దదై కనిపించింది.
జనం చప్పట్లు కొట్టారు, కొట్టాలి గనక.
నేనూ కొట్టాను.
కాలుతున్నది ఎక్కడో దక్షిణాన
నేనెరగనివాళ్ళ జెండా.

ఏడోది ఇవ్వలేదు. బట్ట చాల్లేదన్నాను.
దిండులో దూదితో పాటు కుక్కేసి
మూడేళ్ళు దానిమీదే పడుకున్నాను,
నిద్రేమీ గొప్పగా పట్టలేదు.

యుద్ధమయ్యాక సైనికుడొకడు తలుపు కొట్టాడు,
పాత మేడమీద ఎగరేయాలి, జెండా ఉందా అని.
ఉంది అన్నాను.
ఆకుపచ్చ దారమూ ఉంది.
అక్షరాలకి ఒక పూట పడుతుంది, కూర్చో.
ఈలోగా కాగితం తియ్యి,
మా తమ్ముడి పేరు రాసుకో.
నష్వాన్.