గన్నేరు సందు

నాకిచ్చిన కాగితంలో ఏడు గడులు.
కారు, లారీ, బస్సు, ట్రాక్టరు,
ఆటో, మోటారు సైకిలు, ఇతరములు.
తెల్లారి అయిదు నుంచి రాత్రి తొమ్మిది దాకా
లంక మలుపులో హైవే పక్కన కుర్చీ వేసుక్కూర్చుని
గీతలు గీయాలి, నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
రోజుకి ఆరువందలు. టీ ఖర్చు నాదే.

అయిదున్నరకి నూకరత్నం వచ్చింది, అడ్డంగా.
ఒక చేతిలో క్యారేజీ, ఇంకో చేతిలో కుచ్చిళ్ళు.
రావులపాలెం వైపు లారీ పోయింది,
లారీ వెనక బస్సు, బస్సు వెనక దాన్ని దాటాలని ఇంకో బస్సు,
అప్పటికి దొరికింది ఆవిడకి
గుక్కెడు ఖాళీ.
నడిమి దిమ్మె మీద గన్నేరు మొక్కల సందులో
ఒళ్ళు ముడుచుకుని నిలబడింది
మిగతా సగం రోడ్డు కోసం.

ఏ గడిలో వెయ్యను?
సూపర్‌వైజరుకి ఫోన్ చేశాను.
"ఇతరములంటే ఎడ్లబండ్లయ్యా, మనుషులు కాదు" అన్నాడు.
పొడుగునా పోయేవాళ్ళకే కాగితం.

ఏడూ నలభైకి నలుగురు ఆడపిల్లలు,
బుడ్డది మధ్యలో, చేతులు గొలుసు.
వాళ్ళూ లెక్కపెట్టారు: ఒకటీ, రెండూ, మూ...
మూడు పూర్తయ్యేలోగా అటుపక్కన ఉన్నారు.
ఊరు ఇటు, బస్సు ఆగేది అటు.
ఎవరి కాలికి ఎవరు చెప్పగలరు?

"కింద దారి ఉందిగా?" అన్నాను
సాయంత్రం టీ కొట్టు దగ్గర.
"ఉందండి. కిలోమీటరున్నర వెనక్కెళ్ళి
కిలోమీటరున్నర ముందుకి రావాల.
వానాకాలం అందులో కొరమేను కూడా దొరుకుద్ది."
రైలు గేటు మూసేసి మెట్ల వంతెన కట్టారంట.
పాల అబ్బులు సైకిలుని భుజానికెత్తుకుని
నలభై ఆరు మెట్లూ ఎక్కుతాడంట,
ఇన్నేళ్ళు తనని మోసిందానికి
బాకీ తీరుస్తున్నట్టు.
"మెట్ల పక్కన చక్రం పట్టేంత గాడి చాలండి.
జానెడు. సిమెంటు మిగల్లేదా ఏంటి?"

గన్నేర్ల వైపు చూసి నవ్వింది నూకరత్నం.
"మా నర్సరీవేనండి అయ్యి.
కవర్లలో మట్టి నింపింది నేనే, మూడు వేల మొక్క.
లారీకెక్కిస్తుంటే ఏ ఊరెళ్తన్నాయో అనుకున్నా.
ఇదిగో, ఇక్కడే, నాకే అడ్డం."
ఆ సందు ఎవరు చేశారని నేనడగలేదు.
మోచేతి మీద గీరుళ్ళు కనపడుతూనే ఉన్నాయి.

కాగితం అంచున ఎనిమిదో గడి గీశాను.
స్కేలు లేక వంకరగా వచ్చింది.
పొద్దుటి నుంచీ సిగరెట్ పెట్టె మీద వేసుకున్న గీతలన్నీ
దాంట్లోకి ఎక్కించాను.

ఇటు నుంచి అటు రెండు వందల ఆరు.
అటు నుంచి ఇటు రెండు వందల అయిదు.

మళ్ళీ కూడాను.
"ఎవరో చుట్టాలింట్లో ఉండిపోయుంటార్లెండి"
అన్నాడు టీ కొట్టాయన, పొయ్యి ఆర్పుతూ.
అయ్యుండొచ్చు.
కాలవ మీద గాలి లేచింది.
లైట్లు వస్తున్నాయి, పోతున్నాయి, మధ్యలో
గన్నేరు సందు నల్లగా.

తొమ్మిది దాటింది.
కుర్చీ మడవలేదు.