ఠ

అబిడ్స్‌లో, మెట్ల కింద పాత స్టాంపులమ్మే మనిషిని దాటి
రెండో అంతస్తు.
ఖుర్షీద్ సాబ్ గాజుబల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి
నాలుగు దుర్బీన్లు పెట్టాడు,
నిద్రపోయిన పిల్లల్ని వరసగా పడుకోబెట్టినట్టు.
"కౌన్సా చాహియే, ప్రూఫ్ మేడం?"

ముప్పై ఒక్కేళ్లు నారాయణగూడ ప్రెస్సులో
అర్ధరాత్రి దాటాక
ఒత్తులూ దీర్ఘాలూ ఏరిన కళ్లివి.
మొన్నమొన్నటిదాకా
వెనక కన్నం, ముందు వలయం, దూరాన నల్లచుక్క
మూడింటినీ ఒక్క గీత మీద నిలబెట్టేవి.
ఇప్పుడు ఒకటి కుదిరితే రెండు అలుక్కుపోతాయి
తడిసిన గ్యాలీ మీద సిరాలాగా.
మా క్లబ్బులో యాభై దాటినవాళ్లకి
స్కోపు బిగించుకునే పోటీ వేరే ఉంది.
అందుకే వచ్చాను. కొంచెం సిగ్గుపడుతూనే.

మొదటిది ఎత్తి
కిటికీలోంచి రోడ్డవతలికి చూశాను.
చీరల కొట్టు బోర్డు ఒళ్లోకొచ్చి కూచుంది.
"శుభకర్యములకు" అని ఉంది.
"దీర్ఘం పోయింది!" అన్నాను.
"క్యా గయా?"
"అక్కడ. కకి దీర్ఘం."
ఖుర్షీద్ సాబ్ నవ్వి నవ్వి దగ్గాడు.
"గోలీ అటు కాదు మేడం."

రెండు ఇచ్చి పంపాడు, ఆదివారం కొట్టి చూడమని.
పెద్దది ముప్పై ఆరు రెట్లు, దాని ధర నా మూడు నెలల పింఛను.
చిన్నది ఇరవై నాలుగు, మూతకి సొట్ట.

గచ్చిబౌలి అవతల రేంజి. మే నెల.
పది గంటలకే బండరాళ్లు పెనాలయ్యాయి.
చాప మీద బోర్లా పడుకుని, మోచేతికి పట్టీ బిగించి
పెద్దదానిలోకి చూస్తే
యాభై మీటర్ల అవతల కాగితం
నీళ్లడుగున రూపాయి బిళ్లలా ఈదుతోంది.
సెగ అంతా కనిపిస్తోంది.
సెగ మాత్రమే కాదు,
గుండె కొట్టుకున్నప్పుడల్లా
అడ్డగీతా నిలువుగీతా ఎగిరి పడుతున్నాయి.
నాలో ఇంత అలజడి ఉందని
యాభై ఎనిమిదేళ్లుగా నాకెవరూ చెప్పలేదు.
ఊపిరి బిగబట్టాను. ఇంకా ఎక్కువైంది.
ఎనిమిది, ఏడు, ఎనిమిది, ఆరు.

పక్క లేన్‌లో మెహ్రీన్, పదిహేడేళ్ల పిల్ల,
ఉత్త కళ్లతోనే పదులు కొడుతూ
"ఆంటీ, తగ్గించి చూడండి" అంది, తల తిప్పకుండానే.

చిన్నది బిగించాను.
కంటికీ గాజుకీ నాలుగు వేళ్ల ఎడం.
దగ్గరైతే నల్లటి నెలవంక అడ్డమొస్తుంది,
దూరమైతే లోకం బఠాణీ గింజంత అవుతుంది.
రింగు తిప్పి పదహారుకి తెచ్చాను.
పక్క మర తిప్పి, చెంప కదిలినా చుక్క కదలకుండా చూసుకున్నాను.
సెగ సర్దుకుంది. గుండె ఉంది గానీ
పక్కింట్లో రోలు దంచుతున్నంత దూరాన.

ఇందులో గీతలు లేవు. ఒక సన్నటి చుక్క, అంతే.
అది వెళ్లి నల్లటి గుండ్రం మధ్యన కూచుంది.
చూశాను కదా:
ఠ.

ఎన్ని వేలసార్లు దిద్దాను ఈ అక్షరాన్ని!
చుక్క ఊడితే పాఠం పారమైపోయేది,
కంఠం కంరమయ్యేది.
ఎర్రసిరాతో చిన్న చుక్క పెట్టి
కంపోజింగు కుర్రాడిని కేకేసేదాన్ని.
ఇప్పుడూ అదే పని.
చుక్క పెట్టడమే.
వేలు ఎప్పుడు వంగిందో నాకు తెలీదు.

పది కాదు, తొమ్మిది.
అయినా పెద్దది తిరిగిచ్చేశాను.
"అంత బాగా కనిపిస్తే వద్దా?" అని ఖుర్షీద్ సాబ్.
"నా గురించి అంత అక్కర్లేదు" అన్నాను.
అర్థం కాలేదు. సొట్టకి మాత్రం మూడొందలు తగ్గించాడు.

సంచీ చంకన పెట్టుకుని రోడ్డు దాటి
చీరల కొట్టు కుర్రాడికి చెప్పాను, దీర్ఘం సంగతి.
బయటికొచ్చి, చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని
చాలాసేపు పైకి చూశాడు.
"ఇరవై ఏండ్ల సంది గట్లనే ఉందమ్మా,
ఎవ్వరూ అడగలే."